తోడికోడలి పెట్టె విప్పించిన రోజు

మొన్న కాశీయాత్ర ముగించుకుని మరునాడు విమానమెక్కాలనగా, మేము దిగిన సత్రంలో మనవరాలు మా పెట్టెలను ఒక్కొక్కటే చేతి త్రాసుకు తగిలించి తూచింది. మనిషికి పదిహేను కిలోలట. రెండు చీరలే ఉతికి మార్చి కట్టుకుంటూ తిరిగినదాన్ని, నాది తొమ్మిది దాటలేదు. మా పెద్ద తోడికోడలిది పందొమ్మిది. ఆ మాట చెవిన పడగానే నా కడుపులోని పాత కుంపటిని ఎవరో విసనకర్రతో విసిరినట్టయింది.

మా రోజుల్లో కోడలు పుట్టింటికి పోతే వెంట ఒక రేకు పెట్టె, అంతే. తొలి కాన్పుకు చింతామణిలోని మా అమ్మ ఇంటికి బయలుదేరిన పొద్దున, నేను వంగలేనని నా పెట్టె సర్దింది ఆ తోడికోడలే. బాగేపల్లి బస్టాండులో బస్సు కోసం నిలబడి ఉండగా, వెండి కుంకుమ భరిణె కనబడలేదని మా అత్త పరుగున వచ్చింది. వెనకాలే వచ్చిన ఆ మహాతల్లి, “ఆ పెట్టె ఒకసారి చూడత్తా, యాడన్నా కలిసిపోయిండాదేమో” అంది, ఏమీ ఎరగనట్టు. చెనిక్కాయల మూటల మీద కూర్చున్న జనమంతా చూస్తుండగా నేనే పెట్టె విప్పాను. భరిణె నా రవికెల అడుగున ఉంది. అత్త దాన్ని కొంగున కట్టుకుని వెళ్లిపోయింది. అప్పటినుంచి ఆమె కన్ను మూసేదాకా సామాన్ల గది తాళంచెవి పెద్దకోడలి నడుముకే వేలాడింది. నా చేతికి ఒక్కనాడూ రాలేదు.

“ఏమ్మా, నీ పెట్టె ఖాళీగా ఉండాది గదా, నా చీరలు నాలుగు దాంట్లో ఏసుకోరాదా?” అంది ఆ మనిషే, సత్రంలో.

“ఎవురి పెట్టె వాళ్లదే అక్కా. పరాయి సామాను నా పెట్టెలో ఉంటే ఏమైతాదో నాకు బాగా తెలుసు. నడవలోకి తెచ్చి, అందరి ముందర విప్పి తీసేయ్.”

“పోనీలే అవ్వా” అని మనవరాలు గొణిగితే కళ్లతోనే నోరు మూయించాను. కాశీలో పంతులు ఒక కాయ, ఒక పండు వదలమన్నాడు, కాకరకాయ, నేరేడుపండు వదిలాను. పగను వదలమని ఆయన అడగలేదు, వదులుతానని నేనూ అనలేదు.

ఆమె నేల మీద కూలబడి మందు బిళ్లలు, పాత లంగాలు, ముట్టని చెనిక్కాయల పొడి పొట్లాలు ఒక్కొక్కటే బయట పెడుతుంటే నేను గోడకానుకుని, ఆ ముఖం ఎప్పుడు వాడుతుందా అని చూస్తూ నిలబడ్డాను. వాడలేదు. మాతో వచ్చిన ఆడవాళ్లు చుట్టూ చేరి, “మాదీ ఇదే కత” అంటూ తమ పెట్టెలూ విప్పుకున్నారు. ఒకావిడ ఆమె చీరలు తన దాంట్లో వేసుకుంది కూడా. అందరికంటే గట్టిగా నవ్వింది మా తోడికోడలే.

పట్టలేక అడిగాను, “బాగేపల్లి బస్టాండు గుర్తుండాదా అక్కా?”

“లేకేమమ్మా! ఆడ బొండాలు ఎంత బాగుండె!”

నిజంగా మరిచిందో, నటించిందో నాకు నేటికీ తెలియదు. మరునాడు విమానాశ్రయంలో చూశాను, ముసలీ ముతకా, ఉన్నవారూ లేనివారూ అని చూడకుండా తనిఖీవాళ్లు సంచులు తెరిచి కెలుకుతున్నారు, ఒక్కరూ తల దించుకోవడం లేదు. నలుగురిలో పెట్టె తెరిస్తే ఆడదాని బతుకు తలకిందులయ్యే కాలం నాది; ఆ సిగ్గే లోకంలో లేకుండా పోయాక, ఆమె నాకిచ్చినదాన్ని ఎలా తిరిగి ఇవ్వను? ఇదంతా చూసి, భరిణె నేను తీయలేదని నమ్మవలసిన అత్త కూడా లేదు.