నాన్నగారి స్కూటరుకి అద్దం బిగించిన రోజు

నాకు పదేళ్ళప్పుడు... ఒక సాయంత్రం మా నాన్నగారు ఒంటికన్నుతో స్కూటరు నడుపుకుంటూ ఇంటికొచ్చారు. రెండో కంట్లో పురుగు పడింది.

కొత్తపేట దగ్గర మా ఊరికి ఆయనే డాక్టరు. ఏ రోగి ఇంటికి వెళ్ళాలన్నా కాలవగట్టు మీదే దారి. అప్పటికి మా వైపు స్కూటరు అదొక్కటే. అందుకని కోనసీమలో పురుగులన్నీ ఆయన కళ్ళ మీదే ఆశ పెట్టుకున్నాయి... వారం తిరక్కుండా మళ్ళీ పడింది. ఈసారి బండి కాలవలోకి దిగబోయి ఆగింది.

"ఇంకోసారి ఇలా అయితే కన్నైనా పోతుంది, నేనైనా పోతాను" అన్నారు నాన్నగారు నవ్వుతూ. అమ్మ నవ్వలేదు.

మద్రాసుకి రాసి, బండి ముందు బిగించే అద్దం తెప్పించారు. పార్శిలు విప్పితే ఇనుప చువ్వలు క్షేమం... అద్దం మాత్రం ముక్కలు.

అప్పుడు అంబాజీపేట నుంచి సూర్రావుని పిలిపించారు. పటాలు కట్టడం అతని వృత్తి. మా తాలూకాలో గోడల మీదున్న దేవుళ్ళూ, కాలం చేసిన పెద్దలూ సగం మంది అతని చేతి మీదుగా వెళ్ళినవాళ్ళే.

"మద్రాసు అద్దం కాస్త వంపుగా ఉండేదోయ్" అన్నారు నాన్నగారు.

"అద్దం నా మాట ఇని వంగదండి డాట్రుగారూ. నలుపలకలుగా కట్టేత్తాను. దేవుడి పటమైనా, మావగారి పటమైనా నా కట్టు ఊడిందంటే చెప్పుచ్చుక్కొట్టండి, ఆయ్."

"నేను దేవుణ్ణీ కాను, మావగార్నీ కాను. గాలికి ఊడకపోతే చాలు."

మర్నాడు పెరట్లో కూర్చుని అద్దం కోశాడు. చుట్టూ నల్లటి చట్రం, లోపలివైపు సన్నటి బంగారు గీత... అతని దగ్గర ఉన్నది ఆ రకమే మరి. చువ్వలకి బిగించాక, చేతి అలవాటు కొద్దీ చట్రం పైన రెండు కొక్కేలు కూడా పెట్టేశాడు. అతన్ని అనడానికేముంది... ఆ రోజు మా ఇంట్లో ఎవరి పని వాళ్ళు శ్రద్ధగానే చేశారు.

కొక్కేలు కనబడగానే మా మామ్మ, అంటే నాన్నగారి తల్లి, బంతిపూల దండ తెచ్చి వాటికి తగిలించింది. కొత్త వస్తువు కదా.

"అమ్మాయ్, అద్దానికి కూడా బొట్టు పెట్టవే" అంది అమ్మ.

నేను లెక్కల్లో ఫస్టు. పీటెక్కి, బడి స్కేలుతో కొలిచి, అడ్డంగా సరిగ్గా మధ్యలో, కాస్త పైగా పసుపు అద్ది దాని మీద కుంకుమ పెట్టాను. బొట్టు గుండ్రంగా వచ్చిందని మురిసిపోయాను కూడా.

ఇంతలో ముమ్మిడివరం వైపు నుంచి పురిటి కేసని కబురొచ్చింది. నాన్నగారు గబగబా సంచీ తీసుకుని వచ్చి బండెక్కి కూర్చున్నారు.

మేమందరం ఎదురుగా నిలబడి ఉన్నాం.

నల్లటి చట్రం... పైన దండ... అద్దం వెనక నాన్నగారి ముఖం. నేను పెట్టిన బొట్టు సరిగ్గా ఆయన నుదుటి మీద.

పటంలో ఉన్నవాళ్ళలాగే చిన్నగా నవ్వుతున్నారు.

అందరికంటే ముందు సూర్రావు తల దించుకున్నాడు. "నేనెల్లొత్తానండి..." అని సుత్తి అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

మామ్మ దండ లాగేసింది. "ఒరే అబ్బాయ్, దిగరా."

"అవతల ప్రాణం మీదకి వచ్చిందమ్మా."

"ఇక్కడ రాలేదనుకుంటున్నావా?"

అమ్మ పరుగున వెళ్ళి, అద్దం తుడవడానికి కొంగు ఎత్తింది. ఎత్తిన కొంగు అలాగే ఆగిపోయింది. భర్త బండి మీది కుంకుమ తన చేత్తో ఎలా చెరుపుతుంది... చూస్తూ ఊరుకోనూ లేక, తుడవనూ లేక కొంగు దించేసింది.

నాన్నగారు మా ముఖాలకేసి ఒక్క క్షణం చూశారు. ఆ బొట్టుతోనే వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. నన్నెవరూ ఒక్క మాట అనలేదు... అదే భరించలేకపోయాను. అంత కొలిచి పెట్టింది నేనే కదా. దీపాలు పెట్టే వేళ దాటినా బండి చప్పుడు లేదు. ఇంట్లో ఉండలేక మా సందు మొదట్లో వెళ్ళి నిలబడ్డాను.

కాసేపటికి ఇంజను మోత వినబడింది... మలుపు దగ్గర ఆగిపోయింది. నా గుండె కూడా దాంతోపాటే ఆగింది.

చీకట్లోంచి నాన్నగారు నడుచుకుంటూ వచ్చారు, బండిని పక్కనే నడిపించుకుంటూ.

"చెడిపోయిందా నాన్నగారూ?"

"లేదమ్మడూ. మీ అమ్మ గుమ్మంలో ఉంటుంది. ఎదురుగా ఆ అద్దంలో కనబడటం ఎందుకని..." అని నా తల నిమిరి, "తల్లీ బిడ్డా కులాసా" అన్నారు.

ఆయన జాతకం నమ్మని మనిషి. శకునం అంటే నవ్వే మనిషి. కానీ ఆ బండి ఉన్నన్నాళ్ళూ, ఎండైనా వానైనా, మలుపు దగ్గర దిగి ఇంటిదాకా నడిచే వచ్చారు. వెళ్ళేటప్పుడూ అంతే. డాక్టరుగారి స్కూటరు దూడలాగా వెంట వస్తుందని ఊరంతా నవ్వేది. అమ్మా ఆయనా ఈ సంగతి ఒక్కసారీ మాట్లాడుకోగా నేను వినలేదు.

బొట్టు మాత్రం ఎవరూ తుడవలేదు. వానలకి దానంతటదే పోయింది.

నాన్నగారు ఆ తర్వాత ఇరవయ్యేళ్ళకు పైనే బతికారు. మంచం మీద, మామూలు జ్వరంతో పోయారు. పదో రోజుకి పటం కట్టించి తెచ్చి గోడకి తగిలించినప్పుడు అందరూ ఏడ్చారు... నేను ఏడవలేదు. రాతిగుండె అన్నారు చుట్టాలు. ఆ పటం నేను పదేళ్ళప్పుడే చూసేశానని వాళ్ళకి ఏం చెప్పను...

ఇప్పుడు మా మనవరాలు హెల్మెట్ అద్దం దించుకుని గుమ్మం దాకా బండి మీదే వస్తుంది. నేను ముఖం తిప్పుకుంటాను. "నీ చాదస్తం మామ్మా" అంటుంది. నిజమే, చాదస్తమే. కాకపోతే ఒకప్పుడు ఆ చాదస్తం కోసం బండి దిగి నడిచేవాళ్ళు ఉండేవారు...

తాము నమ్మకపోయినా ఇంకొకరి భయం కోసం అలా దిగి నడిచినవాళ్ళు మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటారు. వాళ్ళ గురించి ఇక్కడ రాయండి... చదువుతాను.