అన్యమతాల నోటుబుక్కు, తిరుపతి క్షవరం

దేవునికి స్తోత్రం. మన తలవెంట్రుకలను లెక్కపెట్టి ఉంచిన తండ్రికి మరీ స్తోత్రం. ఆ లెక్కను ఒకసారి సున్నాకు తెచ్చినవాణ్ణి నేను.

ఆ రోజుల్లో, దొరల పాలన ఇంకా పోని రోజుల్లో, నాలుగు బైబిలు వాక్యాలు కంఠతా వస్తే చాలు, లోకంలోని మతాలన్నిటికీ తీర్పు చెప్పవచ్చనుకునే వయసు నాది. పాకాలలో మా సంఘానికి వాక్యం బోధించే ఉపదేశి కావలసి వచ్చింది. ఆ పని నాకు దక్కాలంటే తూర్పు దేశాల మతాల మీద, అన్యుల పూజల మీద ఒక వ్యాసం రాసి ఆదివారం సంఘం ముందు చదవాలన్నారు మా అయ్యగారు (పాస్టరును మేమలాగే పిలిచేవాళ్ళం). నోటుబుక్కులో మూడు గళ్ళు గీశాను: ఆచారం, అర్థం, లోపం. బౌద్ధులకూ, చీనావాళ్ళకూ, పాతకాలపు గ్రీకు దేవతలకూ వారంలో తీర్పు అయిపోయింది. వాళ్ళలో ఒక్కరినీ నేను చూసి ఎరగను గనుక చెయ్యి ఎక్కడా ఆగలేదు. పూటలో చేరగల తిరుపతి మాత్రం మిగిలింది. చూడకుండా చెప్పేది సాక్ష్యం కాదు, పోయి చూసి రమ్మన్నారు అయ్యగారు. రైల్వే కూలి అయిన మా నాయన అప్పటికే తన గ్యాంగు అంతటికీ కొడుకు ఉపదేశి అయిపోయాడని చెప్పుకున్నాడు.

కొండమీద తలనీలాలు తీసే చోట, కత్తి పట్టుకున్న ఒక పెద్దాయన ముందు చతికిలబడి, నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని, తల వంచి రాసుకోవడం మొదలుపెట్టాను. అక్కడ తల వంచి కూర్చుంటే దాని అర్థమేమిటో నాకు తట్టలేదు. నెత్తిమీద చల్లగా నీళ్ళు పడ్డాయి. నేను 'లోపం' గడి నింపుతుండగానే నుదుటి నుంచి నడినెత్తి దాకా ఒక చాలు తీసేసి, ఆయన పక్కవాడి తల తడపబోయాడు. (వచ్చినవాడు జారిపోకుండా ఒక్కో తలమీద ఒక్కో చాలు తీసిపెట్టే ఈ పద్ధతికే తిరుపతి క్షవరమని పేరు. సామెత చిన్నప్పటినుంచీ తెలుసు. అది నా నెత్తికే వస్తుందనుకోలేదు.)

నాకు మొక్కు లేదనీ, నేను కిరస్తానీవాణ్ణనీ చెప్పాను. కత్తి ఆగింది.

"ముందే సెప్పకూడదా అప్పా. ఇంగ ఈ తలతో యాడికి పోతావు? కూసో."

మిగతాది గొరుగుతూ ఆయనే మెల్లగా అడిగాడు. "ఈడికొచ్చి అందరూ ఇంత సొగసు ఇడిసిపెట్టి పోతారు. మీ దేవునికి నువ్వేమిచ్చినావబ్బా?"

నా నోటుబుక్కులో బౌద్ధుల నుంచి గ్రీకుల దాకా అందరూ ఉన్నారు గానీ, దీనికి జవాబు లేదు.

ఆదివారం తలకు తువాలు చుట్టుకుని వెళ్ళాను. కానీ ప్రార్థన గుడిలో మగవాళ్ళు తల కప్పుకోకూడదు. తువాలు తీశాను. పాట మధ్యలో ఆగిపోయింది. నాయన నేల చూశాడు. వెనకనుంచి ఒక సంఘపెద్ద, "ఉపదేశి కాబోయి కొండకు మొక్కుకోనొచ్చినాడే," అన్నాడు. వ్యాసం మూసేసి జరిగినదంతా చెప్పాను, ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయిందని కూడా.

అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "బైబిల్లో అపొస్తలుడు మొక్కు ఉండి తల గొరిగించుకున్నాడు. మనవాడు మొక్కకుండానే గొరిగించుకొచ్చినాడు. వెంట్రుకలు వచ్చినాక పనిలో చేరనీండి. అంతదాకా ఆ పెద్దాయనకు జవాబు రాసుకోనీ." అందరికంటే ముందు నవ్వినవాడు మా నాయన.

మూడు నెలలకు వెంట్రుకలు వచ్చాయి, పనీ వచ్చింది. ఇప్పుడు ఎవరి కత్తీ అక్కరలేకుండానే నా నెత్తి ఆనాటిలా నున్నగా ఉంది. తడుముకున్నప్పుడల్లా ఆ చల్లటి నీళ్ళు గుర్తొచ్చి, గళ్ళు గీసిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. క్రీస్తే మార్గమని ఆనాడూ నమ్మాను, ఈనాడూ నమ్ముతున్నాను. అయినా చదివేవారు ఒక్క నిమిషం నాతో కలిసి తల వంచండి: ప్రభువా, ఇంకొకరి లోపం రాయడానికి కలం తీసిన ప్రతిసారీ, నీకు నేనేమిచ్చానో ముందుగా నన్ను అడుగు.