మా చిన్నాయన లాగిన ఫిరంగి

మా చిన్నాయన పోయాడు. కోడుమూరు రోడ్డు మీద చేనికి నడిచి పోతుంటే వెనకనుంచి లారీ గుద్దింది. "హారన్ కొడ్తానే ఉండా సార్, పక్కకి జరగల్యా" అని డ్రైవరు పోలీసులకు చెప్పాడట. అది అబద్ధమేమీ కాదు. ఆయన చెవులు ఎప్పుడో ఫిరంగుల దగ్గరే పోయాయి.

సైన్యంలో ఆయనది తేలికపాటి ఫిరంగులు పేల్చే జట్టు. వాటిని బండికి తగిలించి లాక్కుపోతారు. కొండల్లో బండి ఎక్కలేని చోట తాళ్లు కట్టి మనుషులే లాగేవారట. వినికిడి పోయి ఇంటికొచ్చాక, పరిహారం కోసం పరీక్ష చేసిన సైన్యం డాక్టరు అది వయసుతో వచ్చే చెవుడేనని తేల్చేశాడు. అప్పటికి ఆయన తల ఇంకా నెరవలేదు.

బోరు మోటరు ఆడుతోందో లేదో పైపు మీద అరచెయ్యి పెట్టి తెలుసుకునేవాడు. నాకు సైకిలు నేర్పేటప్పుడు, నేను పడి అరిస్తే వినపడదని, నా వీపు మీద చెయ్యి తీయకుండా వెంట పరిగెత్తాడు.

ఒకరోజు టీవీలో కొత్త ఫిరంగిని చూపించారు. హెలికాప్టరు దాన్ని ఎత్తుకుపోతోంది.

"ఏమంటాండారప్పా?" అని అడిగాడు.

"శానా తేలికంట చిన్నాయనా!" అని చెవి దగ్గర అరిచాను.

"తేలికనే మాకూ చెప్పిరి. లాగినోళ్లను ఎవురూ అడగల్యా" అని గొడ్లకు నీళ్లు పెట్టడానికి లేచిపోయాడు.

ఆయన కోపం అంతవరకే. నాది మాత్రం తగ్గదు. ఒక పంద్రాగస్టుకు ఊరి బళ్లో సన్మానమని పిలిచారు. పతకాలు పెట్టుకుని ముందు వరుసలో కూర్చున్నాడు. నాయకుడొకాయన మైకులో ఎంత పిలిచినా కదల్లేదు. "మన జవాను నిద్రపోతాండాడప్పా!" అన్నాడు నాయకుడు. జనమంతా నవ్వారు. ఆ మొహాలు చూసి, తనను మెచ్చుకుంటున్నారనుకుని చిన్నాయన లేచి సెల్యూట్ చేశాడు. నవ్వులు ఇంకా పెరిగాయి. ఇంటికొస్తూ చిన్నమ్మతో, "అందరూ శానా సంతోషపడిరి గదా" అన్నాడు. ఆమె తలూపింది.

నిన్న మట్టి చేసేటప్పుడు కమలాపురం నుంచి ఒక ముసలాయన వచ్చాడు. చిన్నాయన జట్టులోనే పనిచేసినవాడు. ఆయనకూ వినపడదు. పిడికెడు మట్టి తీసుకుని గుంత మీదికి వంగాడు. మెల్లగా చెబుతున్నాననుకుని, శ్మశానమంతా వినపడేట్టు అన్నాడు: "పండుకోరా. ఇంగ ఎవురూ పిలవరు."

అందరం తిరిగి చూశాం. ఆయన మమ్మల్ని గమనించలేదు. పిడికిట్లో మట్టి అలాగే పట్టుకుని నిలబడి ఉన్నాడు.