కంప్రెసర్ మింగేసిన మాట

టీ కాగేలోపల చెప్పేస్తాను, వినండి. ఒకే ఒక్క మాట జనానికి వినపడక నేను ఆత్మకూరులో నాలుగు నెలలు ఒంటిగా బతికినాను. నాకు లేని జబ్బు నాకుండాదని ముప్పై మంది ముందర నా నోటితో నేనే చెప్పుకున్నాను. అదీ గొంతు సవరించుకోని, గట్టిగా.

తొంభైల చివర్లో సంగతి. అప్పుడు నేను ఆత్మకూరులో ఒక ప్రైవేటు డెయిరీ వాళ్ళ పాల చిల్లింగ్ సెంటర్లో క్లర్కుని. హాజరు పట్టీ, సెలవు చీటీలు, అదీ నా పని. మా ఆమె సీతారామపురం స్కూల్లో టీచరు. ఆ ఊరికి బస్సులు అప్పుడొకటి ఇప్పుడొకటి. అందుకని నేను ఆత్మకూరులో రూము తీసుకోని, శనివారం పోయి సోమవారం తెల్లారి వస్తా ఉండేవాణ్ణి.

ఒక రోజు హెడ్డాఫీసు నించి సర్క్యులర్ వచ్చింది. ప్రతి సెంటర్లో ఉద్యోగుల ఆరోగ్య కార్యక్రమం పెట్టాల. ఎయిడ్స్ గురించి అందరికీ చెప్పాల. ఎవురికన్నా హెచ్‌ఐవి ఉంటే ఉద్యోగం పోకూడదు, పేరు బయటికి రాకూడదు, ఆసుపత్రికి సెలవియ్యాల, తోడు కావాలంటే తోడు పోవాల. దీనికంతా సెంటరుకి ఒక మనిషి. మా సెంటర్లో ఆ మనిషిని ఎంచేదానికి మీటింగ్ పెట్టిన రోజు నేను పన్ను పీకించుకునేదానికి ఉదయగిరి పోయినాను. రానోడి పేరు రాసి పంపించేసినారు.

నెల్లూరులో రెండు రోజులు ట్రైనింగ్. చెప్పినాయన బలే చెప్పినాడు. "వాళ్ళకి వస్తుంది, వీళ్ళకి వస్తుంది అని ఎప్పుడూ చెప్పబాకండి. వినేవాళ్ళు అది పక్కోడి సంగతి అనుకుంటారు. మీ మీదనే పెట్టుకోని చెప్పండి. నాకు హెచ్‌ఐవి ఉందనుకోండి, మీరు నాతో కలిసి టీ తాగుతారా? ఇట్టా అడగండి" అన్నాడు. నేను దాన్ని నోటుబుక్కులో రాసుకోని కింద రెండు గీతలు గీసుకున్నాను.

మా సెంటర్లో మాట్లాడాలంటే పెద్ద ఇబ్బంది కంప్రెసర్. పాలు చల్లబరిచే ఆ మిషను తిరగతా ఉంటే పక్కోడి మాట పక్కోడికి వినపడదు. అందుకని కరెంటు కోత చూసుకోని, మధ్యాన్నం అందరినీ పాల క్యాన్లు దించే డాక్ మీద కూర్చోబెట్టినాను. మేనేజరు గారు కూడా కుర్చీ వేసుకోని కూర్చున్నారు. జబ్బు ఎట్టా వస్తుందో, ఎట్టా రాదో అంతా చెప్పినాను. ఆఖరికి గీతలు గీసుకున్న మాట దగ్గరికి వచ్చినాను. ఒక్క క్షణం ఆగి, అందరి మొహాలు చూసి, "నాకు హెచ్‌ఐవి ఉండాది" అన్నాను.

కరెంటొచ్చింది. కంప్రెసర్ గుర్రుమని లేచింది. నా "అనుకోండి" అందులో కలిసిపోయింది.

నాకు తెలియదు గదా, మాట నా నోట్లో నించి అయితే బయటికి వచ్చింది. వినపడదేమోనని ఇంకా గట్టిగా అరిచినాను. "మీరు నాతో కలిసి టీ తాగుతారా? నా పక్కన కూర్చోని తింటారా? నన్ను ఉద్యోగంలో ఉండనిస్తారా?" ఇవి మాత్రం అందరికీ శుభ్రంగా వినపడినాయి. ముందు వరసలో ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు. మేనేజరు గారు తల వంచుకున్నారు. నేను ఇంత బాగా మాట్లాడతానని నాకే తెలియదే అనుకున్నాను.

మర్నాటి నించి నా మర్యాద పెరిగింది. మధ్యాన్నం తినేదానికి పోయి కూర్చుంటే బల్ల మీద నలుగురూ లేచి బల్లంతా నాకే వదిలేసినారు. ఎవురూ నా మాటకి ఎదురు చెప్పడం లేదు. మేనేజరు గారు కాయితాలు నా చేతికియ్యకుండా టేబుల్ మీద స్కేలుతో ఇటు తోసినారు. గేటుకి ఎదురుగా టీ కొట్టు చెంచమ్మది. ఆమె నాకు నీలం రంగు చుక్క పెట్టిన గ్లాసులో టీ ఇచ్చి, "ఇది నీదే సారూ, ఇంకెవురికీ ఇయ్యను" అనింది. ఒక్క ఉపన్యాసానికే ఇంత గౌరవమా అని నేను పొంగిపోయినాను. లీడర్లు కూడా ఇట్టానే అయ్యుంటారనుకున్నాను.

మూడో రోజు క్షవరానికి పోతే, పదకొండు గంటలకి, షాపాయన నన్ను చూసి తలుపులు దగ్గరికేసినాడు. లోపల కుర్చీలో ఒకాయన సగం గడ్డంతో కూర్చోనుండాడు. అప్పుడు కొంచెం తేడాగా అనిపించింది.

తిరిగి వచ్చి టీ తాగతా ఉంటే చెంచమ్మ గొంతు తగ్గించి అడిగింది. "డాక్టర్లు ఎన్నాళ్ళన్నారు సారూ?"

"దేనికి?"

"దానికే. మొన్న నువ్వు చెప్పుకున్నావంట గదా, పాపం."

గ్లాసు కింద పెట్టేసినాను. కూర్చోని అంతా వివరంగా చెప్పినాను. "ఉండాది అని ఆపలేదు చెంచమ్మా. ఉండాదనుకోండి, అన్నాను. అనుకోండి అన్నది మీకు వినపడలేదు."

చెంచమ్మ నా వైపు జాలిగా చూసింది. "సరేలే సారూ. నువ్వు ఎట్టా అనుకోమంటే అట్టనే అనుకుంటాము."

అందరిదీ అదే జవాబు. నేను ఎంత చెప్తే అంత ఎక్కువగా తలలూపినారు. మేనేజరు గారు ఒక ఉపాయం చెప్పినారు. "నెల్లూరు పోయి రక్తపరీక్ష చేయించుకోని కాయితం తీసుకోనిరా. నోటీసు బోర్డులో పెట్టేద్దాం. గొడవ వదిలిపోతుంది."

బాగానే ఉండాది అనుకుంటా గదిలో నించి బయటికి వచ్చినాను. రెండడుగులు వేసి మళ్ళీ లోపలికి పోయినాను. "వద్దు సార్. ఈరోజు నా కాయితం అతికిస్తే, రేపు ఇంకొకరిని నీ కాయితం యాడ అంటారు" అన్నాను. అంత మంచి మాట నేను ఉద్యోగంలో ఎప్పుడూ అనుండను. మేనేజరు గారికి మాత్రం అనుమానం పూర్తిగా తీరిపోయింది. ఆయన కుర్చీ ఇంకో అడుగు వెనక్కి జరిగింది.

ఒంటిగా ఉండడమంటే ఏందో నాకు ఆ రోజుల్లో తెలిసింది. నన్ను ఎవురూ తిట్టలేదు. తిడితే బాగుండేది, జవాబన్నా చెప్పేవాణ్ణి. ఎదురుపడితే నవ్వుతారు, నవ్వి పక్కకి తప్పుకుంటారు. పొద్దున రూములో లేచి, సెంటరుకి పోయి, సాయంత్రం తలుపు తీసుకోని లోపలికి వచ్చేదాకా నా పేరు పెట్టి పిలిచినోళ్ళు లేరు. హాజరు పిలిచేది నేనే గదా, ఒక రోజు నా పేరు కూడా నేనే పిలిచి, నేనే "ఉండాను" అని చూసినాను.

మధ్యాన్నం క్యాన్లు కడిగే షెడ్డు వెనక కూర్చోని తినేవాణ్ణి. ఒక రోజు మా పాల టెస్టరు క్యారియర్ తీసుకోని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. పాలల్లో వెన్న ఎంత ఉండాదో చూసి రేటు కట్టేది ఆయనే. అసలు పేరు అడగబాకండి, చెప్పను. మాలకొండయ్య అందాం, మా ప్రాంతంలో వీధికి నలుగురు ఉంటారు ఆ పేరుతో. కలిగిరి దిక్కు మనిషి. మాటలు తక్కువ, దగ్గు ఎక్కువ.

మూత తీసి ఆవకాయ ముక్క ఒకటి నా గిన్నెలో వేసినాడు. "ఒక్కడివే తినబాకు సార్" అన్నాడు.

"నీకు భయం లేదా?"

"నాకేం భయం సార్, నాకూ ఉండాది గదా."

ముద్ద మళ్ళీ గిన్నెలో పెట్టేసినాను. ఆయన తింటా చెప్పుకుంటా పోయినాడు. పోయినేడు ఆయన భార్య జబ్బు చేసి పోయింది. అప్పుడు ఆయనకీ పరీక్ష చేసినారు. అప్పటినించి ఎవురికీ చెప్పలేదు. టెస్టరుకి ఈ జబ్బని తెలిస్తే ఊళ్ళోళ్ళు మా సెంటర్లో పాలు పొయ్యరని భయం. "నువ్వు అందరి ముందర నిలబడి చెప్పినావే సార్, ఆ రోజు ఇంటికి పోయి కడుపునిండా అన్నం తిన్నాను. నేనొక్కణ్ణే కాదనుకున్నాను" అన్నాడు.

అప్పుడు చెప్పాల. ఆ క్షణంలోనే చెప్పాల నేను. "ఈ ఆవకాయ ఎవురు పెట్టినారు?" అని అడిగినాను.

శనివారం సీతారామపురం పోతే మా ఆమె బస్టాపులో నిలబడి ఉండాది. పాల వ్యాను నాకంటే ముందే వార్త చేరేసింది. "ఇల్లు చేరేదాకా మాట్లాడబాకు" అనింది. ఇంట్లో తలుపేసి అంతా విన్నది. "ముందు ఒకవేళ అని మొదలుపెట్టకూడదా? ఒకవేళ నాకు ఉంటే, అని. మా మూడో తరగతి పిల్లోళ్ళు కూడా రాస్తారు" అనింది. ఆ మాట ట్రైనింగ్‌లో ఎవురూ చెప్పలేదు.

తర్వాత పేరు చెప్పకుండా ఇట్టా ఒకాయన ఉండాడని చెప్పినాను. మా ఆమె గొంతు మారింది. "అయితే ముందు ఆయనకి నిజం చెప్పు. ఇంకొకరి నోటి నించి తెలియకూడదు" అనింది.

చెప్పాలని సోమవారం అనుకున్నాను, మంగళవారం అనుకున్నాను. నాలుగు వారాలు ఆయన ఆవకాయ తిన్నాను. కానీ ఆ దగ్గు చూస్తా ఊరుకోలేక, జబ్బు పేరు రాయకుండా సెలవు చీటీ నేనే నింపి ఆయన్ని నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకపోయినాను. డాక్టరు చూసి, దగ్గు టీబీది, దీనికి మందుండాది, ఊరికే ఇస్తాము, ఆపకుండా వాడాల అన్నాడు. ఆ పెద్ద జబ్బుకి మాత్రం అప్పట్లో మందు మనకందే దూరంలో లేదు. అయినా మాలకొండయ్య మొహంలో కొంచెం వెలుగొచ్చింది.

తిరుగు బస్సులో, సంగం దాటినాక, ధైర్యం చేసి చెప్పేసినాను. కరెంటు, కంప్రెసరు, అనుకోండి, అన్నీ.

ఆయన కిటికీలో నించి బయటికి చూస్తా విన్నాడు. "అంటే నీకు లేదు."

"లేదు."

"నాలుగు వారాలు నా పక్కన కూర్చోని నా గిన్నెలోది తిన్నావు."

"తిన్నాను."

"లేకుండానే తిన్నావు."

"లేకుండానే."

ఆయన లేచి, కండక్టరుని దాటుకోని, వెనక సీటులో పోయి కూర్చున్నాడు. ఆత్మకూరులో దిగి, నా వైపు చూడకుండా నడిచిపోయినాడు.

చూసినారా నా రాత. జబ్బుండాదని సెంటరంతా నన్ను దూరం పెట్టింది. జబ్బు లేదని, నిజంగా ఉన్న ఆ ఒక్కాయన దూరం పెట్టినాడు. ఇంక ఏ దిక్కుకి పోవాల నేను? డాక్టరు చెప్పినట్టు ఆయనకి రెండు వారాలు సెలవు రాసినాను. తెల్లారుజాము డ్యూటీ తీసేసి పగటి డ్యూటీ వేయించినాను. సెలవు అయినాక ఆయన వచ్చి తల ఎత్తకుండా సంతకం పెట్టి పోతాడు. నేను రిజిస్టరు మూసి పెడతాను. షెడ్డు వెనక మళ్ళీ ఒక్కణ్ణే. ఇంటి నించి తెచ్చుకున్న ఆవకాయ ఉండాది గానీ, రుచి లేదు.

మూడు వారాలు పోయినాక, ఒక మధ్యాన్నం మాలకొండయ్య నా టేబుల్ ముందర వచ్చి నిలబడినాడు.

"రేపు నెల్లూరికి పోవాల. మందులు తెచ్చుకోవాల. నువ్వు రావాల."

"నేనెందుకు? నాకు లేదు గదా" అన్నాను. నాకూ రోషం ఉంటుంది గదా కొంచెం.

"లేకపోతేనేం. సీటు పట్టేదానికి మనిషి కావాల" అన్నాడు. నా టేబుల్ మీద పేపరు వెయిటుని అటూ ఇటూ తిప్పి, "ఉన్నోడు నా పక్కన తింటే అందులో గొప్పేముండాది సార్. నాకు అది ఆలోచించేదానికి ఇన్నాళ్ళు పట్టింది" అన్నాడు.

సెలవు చీటీ రాసినాను.

నా మీద ఆ మాట ఎప్పుడు పోయిందని అడుగుతారేమో. ఎప్పుడూ పోలేదు. నేను చావకుండా తిరగతా ఉంటే జనానికే విసుగుపుట్టి మానేసినారు. మాలకొండయ్య పేరు మాత్రం నా నోటి నించి ఎవురికీ పోలేదు. నాకు బదిలీ అయ్యేదాకా ఆయన అదే డాక్ మీద పాలు చూస్తా ఉండాడు.

సెలవు చీటీ రాసిన మర్నాడు నెల్లూరు బస్సులో కర్చీఫు వేసి సీటు పట్టినాను. కిటికీ పక్క ఆయన కూర్చున్నాడు. ఆసుపత్రిలో వరండాలో బల్ల మీద ఇద్దరం పక్కపక్కన కూర్చోనుంటే సిస్టరు చీటీ పట్టుకోని వచ్చింది. మందులు పడి మాలకొండయ్య కొంచెం కండ పట్టినాడు, మొహం తేటపడింది. నాకేమో దిగులుతో చొక్కాలన్నీ వదులైపోయినాయి. సిస్టరు మా ఇద్దర్నీ ఒకసారి చూసి, నేరుగా నా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"ఇట్టా దిగులు పెట్టుకుంటే ఎట్టాగయ్యా. ధైర్యంగా ఉండాల. రోజుకొక గుడ్డు తిను, డాక్టరు చేత టానిక్ రాయిస్తాను. మీ ఫ్రెండు ఎట్టా తోడొచ్చినాడో చూడు, ఇట్టాంటోళ్ళు ఎంతమందికి ఉంటారు?"

నేను నోరు తెరిచేలోపల మాలకొండయ్య అందుకున్నాడు. "అవునమ్మా, నేను చెప్తే వినడు. నువ్వే గట్టిగా చెప్పు" అన్నాడు. ఆ మనిషి నవ్వడం నేను చూడడం అదే మొదటిసారి. నవ్వి నవ్వి బల్ల పట్టుకున్నాడు.

నేనేం చేస్తాను, సిస్టరు చెప్పిందానికంతా బుద్ధిగా తలూపినాను. మా సెంటర్లో నేను నడిపిన ఆరోగ్య కార్యక్రమంలో తేలింది ఇంతే. పేషెంటు తేరుకున్నాడు, ట్రైనింగ్ అయినోడికి బలానికి టానిక్ రాసిచ్చినారు.