కొక్కెం పక్కన ఆకురాయి గీటు

మొన్న తెనాలిలో ఒక నగల కొట్టు మెట్లెక్కుతుంటే యాసిడ్ వాసన ముక్కుకు తగిలింది. ఇత్తడి మీద చుక్క పడగానే ఆకుపచ్చగా పొంగుతూ వచ్చే, గొంతులో గుచ్చుకునే వాసన అది. అరవై దాటినదాన్ని, అయినా మెట్టు మీదే ఆగిపోయాను. ఆ వాసనకు నాకు ముందు భయం గుర్తొస్తుంది, ఆ వెంటనే అచ్చమాంబగారు.

ఇరవై ఏళ్ల కిందట నేను రేపల్లెలో పొద్దుటి రైలెక్కి, స్టీలు సామాను గంపతో ఊళ్లు తిరిగేదాన్ని. వేమూరు, అమృతలూరు, అప్పుడప్పుడు బాపట్ల. పాత పట్టుచీరలు తీసుకుని గిన్నెలు, బకెట్లు ఇచ్చేదాన్ని. ఆ చీరల జరీ కాల్చి వెండి తీసే పని తెనాలిలో అచ్చమాంబగారిది. కంసాలి భర్త పోయాక ఆయన కుంపటి ముందు ఆవిడే కూర్చున్నారు. పాత నగ కరిగిస్తే ఎంత బంగారం వస్తుందో కరిగించకుండానే చెప్పగలరని పేరు. నాకు అప్పటికి అక్షరం ముక్క రాదు.

ఒకనాడు బాపట్లలో ఒక మామ్మగారి దగ్గర తెచ్చిన చీర ఇంట్లో విప్పితే, మడతల్లోంచి గుడ్డపేలికలో చుట్టిన గొలుసు జారిపడింది. లావుపాటి గొలుసు, పసుపు పచ్చగా. సంతోషం కలగలేదు, భయం వేసింది. మా వీధిలో ఒకామె దొంగసొత్తు కొన్నదని పోలీసులు తీసుకుపోయి రెండు రోజులు కూర్చోబెట్టడం నేను కళ్లారా చూశాను. గొలుసును బియ్యం డబ్బాలో దాచాను. బయట మోటారు సైకిలు ఆగితే చాలు, ముద్ద నోటిదాకా వెళ్లేది కాదు. రెండో రోజుకు తట్టుకోలేక, కరిగించేస్తే ఆనవాలు ఉండదు కదా అని తెనాలి వెళ్లాను.

"పిన్నిగారూ, దీన్ని ఇప్పుడే కరిగించెయ్యండి."

"ఎవరిదే ఇది, నాంచారూ?"

"దొరికిందండి."

"నీకు దొరికిందంటే ఎవరికో పోయిందనేగా!"

గొలుసును అరచేతిలో ఎగరేసి చూశారు. "ఇంత లావుకి ఈ బరువు చాలదు" అంటూనే కొక్కెం పక్కన ఆకురాయితో చిన్న గీటు పెట్టి, యాసిడ్ చుక్క వేశారు. గీటులో ఆకుపచ్చగా పొంగింది. లోపల ఇత్తడి, పైన మందంగా అతికిన బంగారు రేకు అన్నారు. కొక్కెం మీది ముద్రను భూతద్దంతో చదివారు. దాని ప్రకారం బరువులో ఇరవయ్యో వంతు రేకు, ఆ రేకులోనూ సగమే బంగారం. తక్కెడలో ఇరవై నాలుగు గ్రాములు తూగింది. "మొత్తం ఊడదీసినా, తరుగు పోను అర గ్రాము. దీనికా ఈ వణుకు?"

నా గుండె తేలికైంది. బాపట్ల చీర సంగతంతా చెప్పి, "అయితే కాలవలో పారేస్తానండి" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "పిచ్చిమొహమా, వాళ్లు దీన్ని బంగారమనే అనుకుంటూ ఉంటారు. రేపు వెతుక్కుంటూ వస్తే ఏం చూపిస్తావు? ఇప్పుడు తీసుకెళ్లి ఇత్తడని చెప్పినా, అసలుది మార్చేశావంటారు. పైగా గీటు కూడా పెట్టాను నేను."

అంతవరకు నాకు తట్టని భయం అది. పోలీసుల కన్నా పెద్దది.

మర్నాడు ఇద్దరం బాపట్ల రైలెక్కాం. దారంతా ఆవిడ ఒకే మాట చెప్పారు: "నువ్వు నోరు విప్పకు. ముందు వస్తువు గుర్తులు వాళ్ల చేతే చెప్పించాలి. లోహం మాట ఆఖర్న." పోయిన వస్తువు ఏది దొరికినా తమ కంసాలి ఇంట్లో అదే పద్ధతట.

అరుగు మీద మామ్మగారి కొడుకు నన్ను చూస్తూనే లేచాడు. "వచ్చావా! నువ్వు చీర పట్టుకెళ్లాక గొలుసు కనబడక, నీ వల్ల మా పనిమనిషి రత్తమ్మని మూడ్రోజులుగా నిలదీస్తున్నాం. ఆగు, స్టేషన్‌కి ఫోన్ చేస్తా." చేతిలో సెల్‌ఫోను.

"చెయ్యండి బాబూ" అన్నారు అచ్చమాంబగారు. "ఈలోగా ఒక్క మాట. మామ్మగారూ, మీ గొలుసుకి గుర్తులేంటండి?"

"మెడ వెనక్కి వచ్చే చోట ఒక లంకెకి రాగి తీగ చుట్టి ఉంటుందమ్మా. రంగూన్ నుంచి తెచ్చిన రోజే తెగితే మా ఆయనే చుట్టారు."

అచ్చమాంబగారు గొలుసు ఆవిడ చేతిలో పెట్టారు. మామ్మగారి వేళ్లు చూడకుండానే ఆ తీగ దగ్గరికి వెళ్లాయి. "ఇదే."

"బాగా చూడండి. మారలేదుగా?"

"నా మెళ్లో యాభై ఏళ్లున్నది నాకు తెలీదా!"

అప్పుడు చెప్పారు అచ్చమాంబగారు, గీటు తనదేనని, గీటు కింద ఉన్నది ఇత్తడని. కొడుకు అరిచాడు, "మార్చేశారమ్మా, చూశావా?"

"నోర్ముయ్‌రా. మీ నాన్న చుట్టిన తీగ ఇది. దీన్నెవరు మారుస్తారు?" అని మామ్మగారు ఆ గీటును వేలితో తడిమారు. "అసలు బంగారం ఎంతుందమ్మా ఇందులో?"

"అర గ్రాము ఉంటుందండి."

"అంటే ఉందన్న మాట. ఆయన అబద్ధం చెప్పలేదు, అంతా చెప్పలేదంతే." తరువాత కొడుకు వైపు తిరిగి, "ముందు రత్తమ్మ ఇంటికి నువ్వే వెళ్లిరా" అన్నారు.

తిరుగు రైల్లో అచ్చమాంబగారు చేతులు కొంగు కింద పెట్టుకుని కూర్చున్నారు. టిక్కెట్లు అడిగితే, కొంగు ముడిలోనే పెట్టుకుని సంచంతా వెతికారు. "మీకూ భయం వేసిందా అండీ?" అన్నాను. "ఆవిడ తీగ సంగతి మర్చిపోయి ఉంటే? ఎవరిదో తేలకుండా గీటు పెట్టాను. ముప్పై ఏళ్ల పనిలో ఆ తప్పు చెయ్యలేదే" అన్నారు. అంతటి మనిషి నా ముందు తప్పు ఒప్పుకోవడం నాకు ఆ గీటు కన్నా లోతుగా దిగింది.

ఆ వారమే నన్ను కుంపటి పక్కన కూర్చోబెట్టి పలక ఇచ్చారు. నేను మొదట దిద్దినవి కొక్కేల మీది అంకెలు, అక్షరాలు ఆ తరువాత. ఆవిడ పోయి చాలా కాలమైంది. ఇప్పటికీ పాత సామాన్లలో గొలుసో గాజో దొరికితే ఆడవాళ్లు నా దగ్గరకు తెస్తారు. ముద్ర చదువుతాను, తూస్తాను, ఎంత వస్తుందో చెబుతాను. ఆకురాయి ముట్టను. గీటు పెట్టకపోతే అంచనా తప్పొచ్చుగా అంటారు. తప్పొచ్చంటాను. అయితే ఆ వస్తువు ఎవరిదో చెప్పేవరకు దాన్ని నా అరచేతిలోకే తీసుకోను.