వేరు దొడ్డి

గొర్రెను కొనేటప్పుడు మంగయ్య బేరం కన్నా ముందు కాళ్లు చూసేవాడు. గిట్టలు పెరిగి వంకర తిరిగి ఉంటే, జీవం ఎంత పుష్టిగా కనిపించినా వద్దని లేచిపోయేవాడు. గిట్టలు కత్తిరించే ఓపిక లేనివాడు తక్కినవి మాత్రం ఏం చూసుకుంటాడని ఆయన వాదన. మిర్యాలగూడ నుంచి కోదాడ దాకా రైతుల పొలాల్లో ఎరువు కోసం మందలు పెట్టి నలభై ఏళ్లు బతికిన మనిషి. ఆయన మాటకు ఎదురు చెప్పేవాళ్లు తక్కువ. ఉన్న ఒక్క మనిషీ ఇంట్లోనే ఉండేది. ఆవిడ ఆయన పెళ్లాం వీరమ్మ.

2007లో మంగయ్య మోకాళ్లు మొరాయించాయి. మంద వెనక నడవలేడు, నడవకపోతే బతుకు లేదు. పిల్లలు పుట్టలేదు. వీరమ్మ చెల్లెలి బిడ్డ గీత హుజూర్‌నగర్‌లో జాకెట్లు కుట్టుకుంటూ, ఒక్క గది కిరాయి ఇంట్లో మొగుడు, ఇద్దరు పిల్లలతో ఉండేది. తన దగ్గరికే వచ్చేయమని మనస్ఫూర్తిగానే పిలిచింది.

"దాని ఇల్లు కుట్టుమిషన్ పట్టేటంత ఉన్నది. మనం పోతే పిల్లలు బజార్ల పండుకోవాలె" అంది వీరమ్మ. మంగయ్యకూ ఆ మాటే నచ్చింది.

అప్పుడే కోదాడ దగ్గర రోడ్డు పక్కన కొత్త ఆశ్రమం సంగతి తెలిసింది. ఒకేసారి డబ్బు కడితే చాలు, చచ్చేదాకా గది, తిండి, మందులు, మంచాన పడితే నర్సుల చాకిరీ, అన్నీ వాళ్లవే. మందనూ ఎకరం చెలకనూ అమ్మితే సరిగ్గా ఆ డబ్బుకు సరిపోతుంది. వెనకకు ఏమీ మిగలదు.

మంగయ్య తొందరపడే మనిషి కాదు. మూడుసార్లు బస్సెక్కి వెళ్లి చూశాడు. అన్నం మెతుకు నలిపి చూశాడు, నీళ్ల డ్రమ్ములోకి తొంగి చూశాడు. చివరికి వరండాలో కూర్చున్న ముసలివాళ్ల కాళ్లు చూశాడు. ఒక్కరి గోళ్లు కూడా పెరిగి లేవు. మడమలు శుభ్రంగా ఉన్నాయి. అక్కడే మనిషి మనసు సగం ఒప్పుకుంది.

గీత మాత్రం ఒప్పుకోలేదు. "కట్టినంక పైసలు వాపస్ రావంట పెద్దనాయినా. రేపు నచ్చకపోతే ఏడికి పోతరు?"

"నాకు లక్వా కొట్టి కాలూ చెయ్యీ పడిపోతే నువ్వు మిషన్ ఆపి నా బట్టలు ఉతుకుతవా బిడ్డా? ఉతుకుతవు, నాకు ఎరుకే. గందుకే పోతున్న."

మూడోసారి వెళ్లినప్పుడు మేనేజర్ కాశీరాంను అసలు ప్రశ్న అడిగాడు. "మంచాన పడ్డోళ్లను ఏం జేస్తరు సారూ?"

"వాళ్లకు వెనక వేరే బ్లాకుందండీ. మిగతావాళ్లతో కలపం, వేరుగా ఉంచుతాం. రాత్రింబవళ్లు నర్సమ్మలుంటారు."

మంగయ్య సంతోషంగా తలూపాడు. "గట్లనే ఉండాలె" అన్నాడు.

ఇంకెవరైనా అయితే ఆ మాట దగ్గర ఆగి మరో ప్రశ్న అడిగేవాళ్లు. మంగయ్య ఎందుకు అడుగుతాడు? జబ్బుపడ్డ గొర్రెను మందలోంచి తీసి వేరు దొడ్డిలో కట్టడం ఆయన నలభై ఏళ్లూ చేసిన పనే. లేకపోతే తక్కినవి తొక్కి చంపుతాయి. తనకు బాగా తెలిసిన పనినే వీళ్లూ చేస్తున్నారనుకున్నాడు. తెలిసిన విషయమే మనిషిని ముంచుతుందని ఆయనకు ఎవరు చెప్పాలి! కాగితం మీద వేలిముద్ర వేశాడు. ఫోన్ నంబర్ అడిగితే, తమకు ఫోన్ లేదు కాబట్టి గీత నంబర్ రాయించాడు.

మూడేళ్లు నిజంగానే బాగా గడిచాయి. అబద్ధమెందుకు చెప్పాలి! జీవితమంతా బిందెలు మోసిన వీరమ్మ, గదిలో నల్లా తిప్పి నీళ్లు రావడం చూసి చిన్నపిల్లలా నవ్వేది. బీపీ మాత్ర వేళకు చేతిలో పెట్టేవాళ్లు. మంగయ్య పొద్దున్నే లేచి ఏ పనీ లేక గేటు దాకా పోయి వస్తుంటే, "మంద తప్పిపోయిందా ఏందయ్యా?" అని ఏడిపించేది.

2010 చలికాలంలో వీరమ్మ స్నానాల గదిలో పడిపోయింది. కుడి పక్క చచ్చుబడింది, మాట పోయింది. సూర్యాపేట దవాఖానలో పది రోజులు ఉంచారు. ఖర్చంతా ఆశ్రమమే పెట్టుకుంది. తిరిగి వచ్చాక ఆమెను నేరుగా వెనక బ్లాకుకు తీసుకుపోయారు. మంగయ్య తన గొంగడి చంకన పెట్టుకుని వెనకే నడిచాడు. బ్లాకు గేటు దగ్గర వాచ్‌మన్ సైదయ్య చేయి అడ్డం పెట్టాడు.

"నాలుగు నుంచి అయిదు దాకనే, పెద్దాయనా."

మంగయ్య కాశీరాం దగ్గరికి పోయాడు. "వేరే పెడతమంటే మంచిదే అనుకున్న సారూ. వేరు దొడ్ల కట్టినా పక్కన మనిషి పండుకుంటడు గద! నేను గొర్రె పక్కకే పండుకునేటోణ్ణి. గామె నా ఆడమనిషి."

"మీ బాధ అర్థమైందండీ. కానీ లోపల అందరూ బలహీనంగా ఉన్నవాళ్లు. బయటివాళ్లతో రోగాలొస్తాయి. రూలు అందరికీ ఒక్కటే."

గీత ఉరికి వచ్చింది. తీసుకుపోదాం పద అంది. మంగయ్య సాయంత్రం గంటసేపు లోపల కూర్చుని వీరమ్మను చూశాడు. వీపు మీద ఒక్క పుండు లేదు. రెండు గంటలకోసారి ఇద్దరు పట్టి పక్కకు తిప్పుతున్నారు. ముక్కులోంచి గొట్టం వేసి గంజి పోస్తున్నారు. తన చేతులు చూసుకున్నాడు. అవి ఆమెను లేపలేవు. గీత ఒక్కతే లేపలేదు. పైసలు తిరిగి రావు, అమ్మడానికి మంద లేదు.

"గాడ ఉంటె ఇంకిన్ని దినాలు బతుకుతది బిడ్డా. నా తాన ఉంటె నన్ను సూస్కుంట సస్తది" అన్నాడు. అని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏది మేలో ఆయనకు ఆఖరుదాకా తెలియలేదు. ఆమెను అడుగుదామంటే మాట లేదు.

మర్నాటి నుంచి టిఫిన్ కాగానే వెనక బ్లాకు గోడ వారగా, వీరమ్మ కిటికీకి సరిగ్గా కింద, గొంగడి పరుచుకుని కూర్చునేవాడు. మందను పిలిచే కేక ఉంది కదా, నాలుక మడిచి "ట్ర్ర్ర్... వోయ్" అని, అదే వేసేవాడు. ఆ కేక వినపడితే వీరమ్మ ఎడమచేతి వేళ్లు దుప్పటి మీద లేస్తున్నాయని నర్సు రేణుకమ్మ చెప్పింది. ఇక ఆయన ఆపలేదు. ముసలాయనకు మతి పోయిందని ముందు బ్లాకులో వాళ్లు నవ్వితే నవ్వారు.

నాలుగు నెలల తరువాత ఒక పొద్దున ఎనిమిదింటికి ఎప్పటిలాగే కూర్చున్నాడు. కేక వేశాడు. రేణుకమ్మ కిటికీ దగ్గరికి వచ్చి, ఆయన్ను చూసి, ఏదో అనబోయి, రెక్క మూసి వెళ్లిపోయింది. ఎండ పడుతోందేమో అనుకున్నాడు. రెక్క మూసి ఉంది కదా, వినపడదేమోనని ఇంకా గట్టిగా వేశాడు. రెండు గంటలు అట్లా పిలుస్తూనే ఉన్నాడు.

పది దాటాక గీత గోడ పక్కనుంచి పరుగున వచ్చింది. ఆమెను చూసి మంగయ్య మొహం విప్పారింది.

"ఎట్లొస్తివి బిడ్డా? నీ పెద్దమ్మకు చెప్పనా నువ్వొచ్చినవని?"

 గీత ఆయన పక్కన కూలబడింది. "నీకు చెప్పలేదా పెద్దనాయినా? నాకు ఏడింటికే ఫోన్ చేసిండ్రు."

కాగితంలో ఎవరి నంబర్ ఉంటే వాళ్లకే ముందు చెప్పాలట. వాళ్లు వచ్చాకే తక్కిన వాళ్లకు చెప్పాలట. ఎవరినీ తిట్టడానికి లేదు, కాగితంలో ఉన్నట్టే చేశారు. 

 మంగయ్య గొంగడి దులిపి చంకన పెట్టుకుని బ్లాకు గేటు దాకా నడిచాడు. సైదయ్య కుర్చీలోంచి లేచి, తల వంచుకుని గేటు తీశాడు.

వీరమ్మకు ముఖం దాకా తెల్లగుడ్డ కప్పారు. పాదాలు బయట ఉన్నాయి. గోళ్లు చక్కగా కత్తిరించి ఉన్నాయి. మంగయ్య వాటిని చాలాసేపు చూశాడు. తరువాత మంచం పక్కన గొంగడి పరుచుకుని పడుకున్నాడు.