ఫ్రిజ్ మీది గళ్ల కాగితం

నా ఎడమ కంటికి మధ్యలో మరక పడి రెండేళ్లయింది. ఆ కంటితో ఎవరిని చూసినా చెవులు, జుట్టు కనిపిస్తాయి, ముఖం కనిపించదు. వయసుతో రెటీనా మధ్యభాగం దెబ్బతిందని, ఇక కుడి కన్నునైనా కాపాడుకోవాలని రాజమండ్రి డాక్టరు చెప్పారు. మధ్యలో నల్ల చుక్క ఉన్న గళ్ల కాగితం ఒకటి ఇచ్చి, కళ్లజోడు పెట్టుకుని రోజూ ఒక్కో కన్నూ మూసి చూడమన్నారు. గీత వంకరగా కనిపిస్తే ఆలస్యం చేయకుండా రమ్మన్నారు.

సిగరెట్టు మానేశాను. మునగాకు, తోటకూర తింటున్నాను. గళ్ల కాగితం మాత్రం ఫ్రిజ్‌కి అంటించి వదిలేశాను. అమలాపురంలో విలేకరిగా తల నెరిసినవాణ్ణి. రోజూ పేపరు చదువుతున్నాను కదా, అంతకంటే పరీక్ష ఏముంటుంది అనుకున్నాను.

మొన్న వానల్లో ఒక ఉదయం మా ఆవిడకు పేపరు చదివి వినిపిస్తున్నాను. అల్లవరం వైపు మురుగుకాలువ పూడిక గురించిన వార్త. "అధికారులు వెంటనే చర్యలు తీసుకోవాలని రైతులు కోరుతున్నారు" అని ముగించాను.

"పూడిక తీసేసేరని మా తమ్ముడు నిన్ననే ఫోన్ చేసేడండీ. ఏదీ, ఇలా ఇవ్వండి" అని పేపరు లాక్కుంది. "పనులు పూర్తయ్యాయనే ఉంది. రైతులెవరూ ఏమీ కోరట్లేదు."

నేను నవ్వాను. తను నవ్వలేదు.

"కనపడలేదా?"

"కనపడింది."

"కనపడితే లేని మాట ఎలా చదివేరు?"

అలాంటి వార్తలు వందలు రాశాను. చివరి వాక్యం నాకు నోటికి వచ్చు. కంటికి ఆనని మాటలను అలవాటే పూరించేస్తోందని అప్పుడు తెలిసింది.

మా ఆవిడ నన్ను ఫ్రిజ్ ముందు నిలబెట్టి, నా ఎడమ కన్ను తన అరచేత్తో మూసింది. చుక్క మీద చూపు నిలిపాను. దాని పక్క గీత వంగి ఉంది.

"ఎల్లుండి మురమళ్ళలో పెళ్లి ఉంది కదా, అదయ్యాక వెళదాం."

"మీరు రాలేదని పెళ్లి ఆగిపోదు. చొక్కా మార్చుకోండి."

దొరికిన బస్సెక్కాం. రెటీనా కింద నీరు చేరిందని చెప్పి డాక్టరు ఆ మధ్యాహ్నమే కంట్లో ఇంజెక్షన్ ఇచ్చారు.

"తొందరగా వచ్చేరు, మంచిదయింది. చూపు ఎంత నిలుస్తుందో ఇప్పుడే చెప్పలేను. నెలనెలా రావాలి."

"ఆయ్, వస్తామండి" అంది మా ఆవిడ, నేను నోరు తెరవకముందే.

ఇప్పుడు పొద్దున్నే ముందు గళ్ల కాగితం, తర్వాతే పేపరు. కనిపించింది కనిపించినట్టు పైకి చెబుతాను. ఇవాళ గీత ఇంకా కొంచెం వంగే ఉంది, నిన్నటికంటే ఎక్కువ కాదు. అదే చెప్పాను.

"రైతులేమన్నా కోరుతున్నారా?" అని అడిగింది.

"ఏమీ కోరట్లేదు."

అప్పుడు ఇచ్చింది పేపరు.